మొదటి బోర్డు

"చచ్చిన ఆటని ఎంతసేపు మోస్తావు అచ్చమ్మా? సిగ్గుండక్కర్లా?"

మచిలీపట్నంలో టోర్నమెంటు జరుగుతున్న హాలు వరండా దద్దరిల్లింది. గుడివాడ చెస్ క్లబ్బు కెప్టెన్ గోవర్ధనరావుకి కోపమొస్తే చుట్టూ ఎంతమంది ఉన్నారో కనబడదు.

నిజానికి అప్పుడే వాళ్ల జట్టు సెమీఫైనల్ గెలిచింది. మూడు ఒకటి. ఓడిన ఆ ఒక్కటీ అచ్చమ్మది.

మొదటి రౌండులోనూ అంతే, రెండో రౌండులోనూ అంతే. మిగతా ముగ్గురూ గెలవడం, ఈవిడ ఓడటం.

కోపం ఓడినందుకు కాదు. ఓడిపోవడానికే ఆమెను మొదటి బోర్డులో కూర్చోబెట్టాడాయన. ఏ జట్టుకైనా అక్కడ కూర్చునేది అందరికన్నా గట్టివాడు. వాడికి ఈవిడను అప్పగించేసి, మిగతా మూడు బోర్డుల్లో గెలవాలని ఆయన ప్లాను. నాలుగో మనిషి దొరక్కే, రెణ్ణెల్లుగా క్లబ్బుకి వస్తున్న ఈ కృత్తివెన్ను చేపల వ్యాపారిని జట్టులోకి తీసుకున్నాడు.

కోపమల్లా, ఓడిన ఆటని ఓడానని ఒప్పుకోదని.

ఒక ఏనుగు పోయినా లేవదు, రెండోది పోయినా లేవదు. పోనీ ఆలోచిస్తుందా అంటే అదీ లేదు. అవతలివాడు ఎత్తు వేసి కుర్చీలోంచి లేవబోయే లోపే టక్కున ఇంకో ఎత్తు వేసేస్తుంది. ఏదో ఒక చిన్న బెదిరింపు. వాడు మళ్లీ కూలబడి తల పట్టుకోవాలి. గంటల తరబడి అదే తంతు. చూసేవాళ్లు నవ్వుతుంటే గోవర్ధనరావుకి తల కొట్టేసినట్టుండేది.

"అది కాదు మేష్టారూ," అంది అచ్చమ్మ. "నేను ముందే లేస్తే అవతలాయన కూడా..."

"లేస్తే వెళ్లి భోంచేస్తాడు! నీకేం నొప్పి? ఆటకో మర్యాద ఏడిసింది. ఓడిపోయామని తెలిస్తే చెయ్యి కలిపి లేవాలి. గంటలకొద్దీ గీచిగీచి ఆడటానికి ఇదేమన్నా చేపల బేరమా?"

అచ్చమ్మ మొహం మాడిపోయింది.

"ఆవిణ్ణి చెప్పనివ్వండి సార్," అంది రెండో బోర్డు ఆడే రేవతి.

"నువ్వూరుకో రేవతీ. రేపు కప్పు రాకపోతే మన బతుకేంటో తెలుసుగా?"

అందరికీ తెలుసు. పాతికేళ్లుగా క్లబ్బు నడుస్తున్నది మార్కెట్ మేడ మీద గదిలో. ఆ గది వర్తకుల సంఘానిది. ఈసారి కప్పు తెస్తే సరే, లేదంటే గది గోడౌనుకి ఇచ్చేస్తామని వాళ్లు మొహమ్మీదే చెప్పేశారు.

మర్నాడు ఫైనల్, దివిసీమ జట్టుతో. వాళ్ల మొదటి బోర్డు నరేంద్ర. ఆట మొదలవకముందే గోవర్ధనరావు దగ్గరికొచ్చాడు.

"సార్, పెద్దవారు మీరు. రిజైన్ చెయ్యడమంటే ఏంటో మీ మొదటి బోర్డావిడకి కాస్త నేర్పండి. టోర్నమెంటంతా నవ్వుకుంటోంది."

గోవర్ధనరావు చెవులు ఎర్రబడ్డాయి.

పదకొండింటికి అచ్చమ్మ ఏనుగు పోయింది. ఆయన విసవిసా వెళ్లి ఆమె వెనక నిలబడ్డాడు. కెప్టెన్ ఎత్తులు చెప్పకూడదు గానీ, ఓటమి ఒప్పుకోమని చెప్పొచ్చు.

"రిజైన్ చెయ్."

అచ్చమ్మ పక్కనున్న మూడు బోర్డుల వైపు చూసింది. రేవతిదీ, మూడో బోర్డులో అభినవ్‌దీ పైచెయ్యే. కానీ ఆటలింకా సగంలోనే ఉన్నాయి.

"ఒక్క గంట మేష్టారూ."

"ఒక్క నిమిషం కూడా కుదర్దు. లే! నా పరువు తీసింది చాలు!"

అచ్చమ్మ నరేంద్రకి చెయ్యి కలిపింది. సంతకం పెట్టి, సంచీ తీసుకుని, ఎవరి వంకా చూడకుండా బయటికెళ్లిపోయింది.

నరేంద్ర ఒళ్లు విరుచుకుంటూ లేచాడు. తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి, రేవతికి ఎదురుగా ఆడుతున్న తన కుర్రాడికి కనిపించేలా నిలబడ్డాడు.

కుర్రాడి చెయ్యి గుర్రం మీదికి వెళ్తోంది. నరేంద్ర కళ్లజోడు తీశాడు. ఆ చెయ్యి గాల్లోనే ఆగి, ఏనుగు మీదికి మళ్లింది.

తర్వాత అభినవ్ బోర్డు దగ్గర నిలబడి మెడ తుడుచుకున్నాడు.

గంట తిరిగేసరికి రేవతి ఓడింది, అభినవ్ ఓడాడు. నాలుగో బోర్డులో రత్నరాజు గెలిచినా లాభం లేకపోయింది.

గోవర్ధనరావు ఆటలకి తీర్పు చెప్పే ఆర్బిటర్ పూర్ణిమ మీదికి వెళ్లాడు.

"దొంగాట! వాడు సైగలు చేశాడు! మీకు కళ్లు లేవా?"

"ఉన్నాయండీ," అంది పూర్ణిమ. ఆమె గొంతులోనూ కోపమే. "కళ్లజోడు తీశాడని శిక్ష ఎలా వెయ్యమంటారు? పెద్ద ఆటగాళ్లలో చాలామందికి ఇదే రోగం. తమ ఆట అయిపోతే చాలు, మిగతా బోర్డుల చుట్టూ తిరుగుతారు. మీ మ్యాచుల్లోనే ఇన్నాళ్లూ ఒక్కడూ తిరగలేకపోయాడు. ఇదిగో, ఆటలు ముగిసిన టైములు మీరే చూసుకోండి."

ఆయన కాగితాలు లాక్కుని చూశాడు.

మొదటి రౌండులో మిగతా ముగ్గురి ఆటలూ ముగిసిన రెండు నిమిషాలకు అచ్చమ్మ ఓటమి ఒప్పుకుంది. రెండో రౌండులోనూ అంతే. సెమీఫైనల్లోనూ అంతే. ఒక్కసారి కూడా వాళ్లకంటే ముందు లేవలేదు.

ఆయన వరండాలోకి పరుగెత్తాడు. అక్కడెవరూ లేరు. ఫోన్ చేశాడు. రింగవుతూనే ఉంది, ఎత్తలేదు. ఆమె ఎక్కిన బస్సు ఈపాటికి పెడన దాటిపోయుంటుంది. తన చెంప తనే వాయించుకోవాలనిపించింది ఆయనకి.

లోపల నరేంద్ర కప్పు ఎత్తుతుంటే చప్పట్లు మోగుతున్నాయి. ఇన్ని రౌండ్లూ గుడివాడ జట్టుకి కెప్టెన్‌గా ఉన్నది తను కాదని, ఒక్క ఆటా గెలవని అచ్చమ్మేనని గోవర్ధనరావుకి అప్పుడు తెలిసింది.