గ్రే పిజియన్స్‌కి సన్మానం

“అంకుల్, ఇంక వాళ్ళని పాడనివ్వండి. సిక్స్‌కి హాల్ క్లోజ్ చేసేస్తారు,” అని కాలేజీ పిల్ల భావన స్టేజి పక్కనుంచి మళ్ళీ బతిమాలింది.

“టూ మినిట్స్ అమ్మా. స్పాన్సర్లకి మెమెంటోలు ఇచ్చేస్తే అయిపోతుంది,” అన్నాడు అమెరికాలోని షాంటిలీ తెలుగు సంఘం అధ్యక్షుడు చక్రధర్, మైకు వదలకుండా.

వేదిక మీద నలుగురు ఇంగ్లండ్ ముసలాళ్ళు శాలువాలు కప్పుకుని బుద్ధిగా కూర్చున్నారు. పంతొమ్మిది వందల అరవైల్లో, లివర్‌పూల్‌లో గిటార్ పట్టినవాడల్లా పేరు తెచ్చుకున్న రోజుల్లో, పేరు రాని ‘గ్రే పిజియన్స్’ బ్యాండ్ వాళ్ళది. ఇంటర్నెట్‌లో వెతికి పట్టుకుని, వార్షికోత్సవంలో పాడమని పిలిపించింది భావనే.

చక్రధర్ బ్యాండు పేరు గుర్తురాక “ఈ విశ్వవిఖ్యాత కళాకారులు” అన్నాడు. ఉపాధ్యక్షుడు చక్రధర్‌ని పొగిడాడు. స్పాన్సరుగా వచ్చిన రియల్టర్, ఇల్లు కొనడానికి ఈ 2007ని మించిన సంవత్సరం రాదన్నాడు.

ఆరయింది. హాలు వాళ్ళు లైట్లు ఆర్పడం మొదలుపెట్టారు.

“నెక్స్ట్ ఇయర్ తప్పకుండా పాడిద్దాం,” అని చక్రధర్ ముసలాళ్ళ మధ్య ఫొటోకి నిలబడ్డాడు.

గాయకుడు డెరెక్ తెరవని గిటార్ పెట్టె పక్కన కూర్చుని శాలువా జాగ్రత్తగా మడతపెడుతున్నాడు.

“సారీ డెరెక్. మీ పాట ఒక్కటి కూడా ఎవరూ వినలేదు,” అంది భావన.

“బాధపడకమ్మా,” అన్నాడాయన ఇంగ్లీషులో. “మా పాట విన్నవాళ్ళెవరూ మమ్మల్ని ఇంత గౌరవించలేదు.”