ఓసియాన్ ఇసుకలో పెళ్ళిచూపులు

బస్సు జోధ్‌పూర్ పొలిమేర దాటకముందే గవరీబాయికీ భీకమ్‌చంద్‌కీ కిటికీ దగ్గర తగువు మొదలైంది.

మూయమంటుంది ఆవిడ. తియ్యమంటాడు ఆయన.

"ఇసుకొచ్చి కళ్ళలో పడుతోంది, కనబడ్డంలేదూ?"

"ఇసుక చూడ్డానికేగా తెల్లారే బయల్దేరింది!"

వెనక సీట్లో కంచన్ తల పట్టుకుంది. అవతలి వరసలో నరపత్ చేతిరుమాలు నోటికడ్డం పెట్టుకుని నవ్వాపుకుంటున్నాడు.

ఇద్దరూ ఒకే బళ్ళో టీచర్లు. ఈ ప్రయాణం వాళ్ళ పన్నాగమే. టీచర్లందరూ ఇంటిల్లిపాదితో ఓసియాన్ వెళ్ళి, సచియాయ్ మాత దర్శనం చేసుకుని, సాయంత్రం ఇసుక తిన్నెల మీద ఒంటెలెక్కి వద్దామని బడంతా ఊదరగొట్టింది వీళ్ళిద్దరే. అసలు సంగతి బస్సులో అందరికీ తెలుసు. పెద్దవాళ్ళిద్దరికీ తెలుసు. తెలియనట్టు నటించడంలో మాత్రం ఎవరికి వాళ్ళే సాటి.

నాన్న లేని కంచన్‌కి గవరీబాయీ, అమ్మ లేని నరపత్‌కి భీకమ్‌చందూ తప్ప వేరే పెద్దదిక్కు లేదు. నెలల తరబడి బతిమాలగా బతిమాలగా గవరీబాయి ఒకే ఒక్క మాట అంది.

"ముందు మనిషిని చూడనీ. అవునో కాదో ఆ తర్వాత."

కంచన్ బాబాయి సంగతి సరేసరి. "మన వంశంలో ఇలాంటి పెళ్ళి జరగలేదు. జరిగితే మీ గడప తొక్కను" అని మీసం దువ్వి మరీ వెళ్ళాడు. ఇవాళ అమ్మ కాదందంటే ఇక ఆ మాట ఎత్తే వీలే ఉండదు.

పెద్దవాళ్ళిద్దరికీ పడితేనే పెళ్ళి. పడే లక్షణాలేవీ కనబడ్డంలేదు.

గవరీబాయిది లక్క గాజుల దుకాణం. గీసి గీసి బేరమాడేవాళ్ళని మాటతోనే వీధి చివరిదాకా సాగనంపగలదు. భీకమ్‌చంద్ రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసి చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం వదిలినా చెయ్యి ఊరుకోదు. కిటికీ తగువు చల్లారగానే లేచి, "టికెట్, టికెట్" అంటూ బస్సులో ఒక్కొక్కళ్ళ ముందూ చెయ్యి చాపడం మొదలుపెట్టాడు. గవరీబాయి ముందూ చాపాడు.

ఆవిడ ఆ చేతిలో ఓ మిర్చీ బడా పెట్టింది.

కొరికాడు. దగ్గాడు. కళ్ళవెంట ధార.

"ఇది టికెట్ కాదండీ, జరిమానా!"

బస్సంతా గొల్లుమంది. గవరీబాయి గబుక్కున మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది.

గుడి మెట్ల మీద జనం తోసుకుంటున్నారు. భీకమ్‌చంద్ రెండు చేతులూ బార్లా చాపి అందరినీ వరసలో నిలబెట్టాడు.

"అమ్మవారి దగ్గర కూడా రిజర్వేషనేనా?" అంది గవరీబాయి.

"మీది వెయిటింగ్ లిస్టు. కన్ఫర్మ్ చెయ్యాల్సింది ఆవిడే!"

గర్భగుడి ముందు కంచన్ కళ్ళు మూసుకుంది. 'తల్లీ, ఇద్దరి మనసులూ కలుపు. బాబాయి సంగతి మేం చూసుకుంటాం.' కళ్ళు తెరిచేసరికి అమ్మ ఇంకా చేతులు జోడించే ఉంది. ఏం అడుగుతోందో ఏమో.

తిన్నెల దగ్గర ఒంటెల పెత్తనమంతా ఇంద్రా టీచర్ది. ఒంటెకి ఇద్దరేసి చొప్పున ఎక్కించేసింది. చివరికి మిగిలింది ఒక ఒంటె, గవరీబాయి, భీకమ్‌చంద్. అలా ఎలా మిగిలారో తెలియనట్టు అందరూ ఆకాశంలోకి చూశారు.

"చచ్చినా ఎక్కను" అంది గవరీబాయి.

"భయమైతే వద్దులెండి."

అంతే. ఆయన వెనక ఎక్కి కూర్చుంది.

ఒంటె మొదట వెనక కాళ్ళు లేపింది. ముందుకు ఒరిగిపోతూ గవరీబాయి దొరికింది దొరికినట్టు పట్టుకుంది. దొరికింది భీకమ్‌చంద్ తలపాగా. ఒంటె పరుగందుకుంది. తలపాగా చుట్టలు చుట్టలుగా ఊడి, ఎర్రటి బట్ట గాలిలో జెండాలా లేచింది.

"అయ్యో, పరువండీ! పరువు పోతోంది!" భీకమ్‌చంద్ కేకలు.

"పోనివ్వను! గట్టిగా పట్టుకున్నాగా!"

పడీ పడీ నవ్వుతోంది గవరీబాయి. అమ్మ అంత బిగ్గరగా నవ్వగలదని కంచన్‌కి ఆ రోజుదాకా తెలియదు.

ఒంటె దిగాక కంచన్ మెల్లగా అమ్మ పక్కన చేరింది.

"అమ్మా, ఏమంటావ్?"

గవరీబాయి ఇసుక గుప్పిట పట్టి వదిలింది.

"ప్రతి మాటకీ ఎదురు చెప్తాడే ఆ మనిషి."

కంచన్ గుండె జారిపోయింది.

"కానీ మనసులో ఏదీ దాచుకోడు. అలాంటి మనిషి ఉన్న ఇంట్లో ఆడది హాయిగా బతుకుతుంది. సరే అని చెప్పు పో. మీ బాబాయి రాకపోతే ఆయన వాటా లడ్డూలు కూడా మనమే తిందాం."

కంచన్ చెప్పులు చేత్తో పట్టుకుని తిన్నె మీంచి పరిగెత్తింది. సగంలో కాలు జారింది. మిగతా సగం దొర్లుకుంటూ వెళ్ళి నరపత్ కాళ్ళ దగ్గర తేలింది.

"ఒప్పుకుంది!" నోట్లోంచి ఇసుక ఊస్తూ అరిచింది.

"మా నాన్న ఒంటె మీదే ఒప్పేసుకున్నాడు!"

ఇంద్రా టీచర్ అక్కడికక్కడే పెళ్ళిపాట ఎత్తుకుంది. ఆడవాళ్ళంతా చప్పట్లు కలిపారు. ఒంటెలు మెడలు తిప్పి చూశాయి.

నరపత్ చెయ్యిచ్చి కంచన్‌ని లేపాడు.

"ఇక మీదట 'నరపత్‌జీ' అని పిలిస్తే పలకను."

"మరేమని పిలవాలి?"

"మా నాన్న మీ అమ్మ మెడలో దండ వేశాక, 'అన్నయ్యా' అని కాక ఇంకేమని పిలుస్తావే పిచ్చిదానా?"