కొక్కెం మీద బరువు

నల్ల పికప్ ట్రక్కు వాకిట్లో ఆగేసరికి ఆర్విల్ పొయ్యిలోంచి పీచ్ పళ్ళు కూరిన తీపి రొట్టె, పీచ్ పై, తీసి కిటికీ దగ్గర పెట్టాడు. ఇంకా ఎనిమిది కాలేదు. యూమా ఎడారి అప్పుడే సెగలు కక్కుతోంది.

దిగినవాడికి పాతికేళ్ళుంటాయి.

"అమ్మకానికి పెట్టిన ట్రైలర్ ఇదేనా సార్?"

ఇంటి పక్కన నీడలో ముప్ఫై అడుగుల ట్రైలర్. ముందు సగం ఇల్లు. వెనక సగం గ్యారేజీ. వెనక గోడ తలుపులా కిందికి వాలుతుంది, దాని మీంచి బైకులు ఎక్కించుకోవచ్చు. ఇసుక దిబ్బల మీద బైకులు తోలే పిచ్చి ఉన్నవాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి!

"ఇదే. కాయితాలూ అవీ తర్వాత. ముందు నీ బండి తలుపు తియ్యి."

తలుపు చట్రానికి అంటించిన పచ్చ చీటీ చదివాడు ఆర్విల్.

"పద్నాలుగొందల పౌండ్లు. నీ బండి మోసేది ఇంతే. నువ్వెంతుంటావు?"

"నూటెనభై."

"మీ ఆవిడ?"

"అది బయట చెప్తే నన్ను ఇంట్లోకి రానివ్వదు సార్."

ఆర్విల్ పగలబడి నవ్వాడు. వారం రోజులుగా మాటే లేని గొంతు, గరగరలాడింది.

"సరే, వదిలెయ్. ఇందులో రెండు బైకులు, నీళ్ళు, సామాను వేస్తే, నీ బండికి ట్రైలర్ తగిలించే కొక్కెం ఒక్కదాని మీదే పదిహేనొందలు పడుతుంది."

"నా బండి పదకొండు వేల పౌండ్లు లాగుతుందని అమ్మినవాడు చెప్పాడే!"

"లాగడం వేరు, మొయ్యడం వేరు నాయనా. లాగేది ఇంజను. మోసేది వెన్ను. వెనక కూలబడితే ముందు చక్రాలు తేలిపోతాయి. అప్పుడు స్టీరింగు నీ మాట వినదు."

ఆ బండికి ఎలాంటి ట్రైలర్ నప్పుతుందో కాయితం మీద రాసిచ్చి, ఒక పై ముక్క తినిపించి పంపాడు. కుర్రాడు మొహం వేలాడేసుకుని వెళ్ళాడు.

మే నెలలో ప్రకటన పెట్టిన దగ్గర్నుంచీ ప్రతి శనివారం ఇదే వరస. వచ్చిన బండి ఏదీ తూగలేదు.

బరువుల సంగతి ఆర్విల్‌కి ఒకరు చెప్పక్కర్లేదు. హైవే పక్క తూకం స్టేషన్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేశాడు. ఎంత పెద్ద లారీ అయినా అతని ముందు ఆగాల్సిందే. రోజుకి రెండొందల మంది డ్రైవర్లు. ఒకడు తిట్టేవాడు, ఒకడు జోకు చెప్పేవాడు, ఒకడు కూతురి ఫొటో చూపించేవాడు. రిటైరైన రోజు కేకు కోశారు. ఆ మర్నాటి నుంచి అతని కోసం ఎవరూ ఆగలేదు. పెళ్ళి చేసుకోలేదు. వేసవి వస్తే వీధి వీధంతా చలి ఊళ్ళకి వలసపోతుంది. ఇక మిగిలేది ఏసీ మోత.

పదకొండింటికి మరిసోల్ అనే ఆవిడ వచ్చింది.

బండి చప్పుడు వినగానే ఆర్విల్ గుండె జారింది. పెద్ద డీజిల్ ఇంజను. వెనక నాలుగు చక్రాలు.

"నేను లెట్యూస్ ఆకుకూర తోటల్లో మేస్త్రీని పెద్దాయనా. లెక్క లేకుండా ఏ పనీ చెయ్యను," అంటూ నోటుపుస్తకం తెరిచింది. "నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, మూడు బైకులు, పిల్లలు నేలపాలు చేసే చిప్స్‌తో సహా వేశాను. ఇంకా రెండు వేల పౌండ్లు వెసులుబాటుంది."

ఆర్విల్ ఆమె బండి తలుపు చీటీ చదివాడు. మళ్ళీ చదివాడు.

"టైర్లు?"

"కొత్తవి వేయించి నెల కాలేదు."

"ట్రైలర్ బ్రేకులు?"

"స్విచ్చు ఇదిగో."

"కొక్కెం తగిలించే ఇనప బంతి సైజు..."

"మూడు సైజులూ ఉన్నాయి," అని చెక్కుబుక్కు తీసింది. "బయానా ఎంతివ్వమంటారు?"

ఆర్విల్ చెక్కుబుక్కు వైపు చూడనే లేదు. "ముందు ఒక పై ముక్క తినమ్మా."

ఆమె తింది. అతను రెండో ముక్క కూడా వేశాడు. ఐస్ టీ పోశాడు. సర్కస్ లారీ తూచిన రోజు ఏనుగు ఊగుతుంటే ముల్లు నిలవక గంటసేపు హైవే ఆగిపోయిన సంగతి చెప్పాడు. ఆమెకు నవ్వుతో పొలమారింది. కళ్ళు తుడుచుకుని, అతని మొహంలోకి చూసింది.

"పెద్దాయనా, నిజం చెప్పండి. మీకు అమ్మడం ఇష్టం లేదు కదూ?"

అతను ఆమె గ్లాసులో మళ్ళీ టీ పోశాడు.

"ఎవరితో తిరిగేవారు ఇందులో?"

"ఎవరితోనూ లేదమ్మా. ఇందులో ఒక్క రాత్రి కూడా పడుకోలేదు."

మరిసోల్ నెమ్మదిగా చెక్కుబుక్కు సంచిలో పెట్టేసింది. "మా నాన్న పోయాక ఆయన టోపీ ఎవరికీ ఇవ్వలేకపోయాను. వదులుకోలేని ఆ బాధ నాకు తెలుసు."

కాదు తల్లీ, అది కాదు అనబోయాడు. అనకుండా ఆమె ఖాళీ పళ్ళెం అందుకున్నాడు.

మిట్టమధ్యాహ్నం దాకా కూర్చుని లేచింది. "వచ్చే శనివారం పిల్లల్ని తీసుకొస్తా. మీ మనసు మారిందేమో చూద్దాం. మారకపోయినా ఆ ఏనుగు కథ వాళ్ళకి చెప్పాల్సిందే."

బండి మలుపు తిరిగేదాకా ఆర్విల్ చెయ్యి ఊపుతూ నిలబడ్డాడు. తర్వాత ట్రైలర్ లోపల ఇసుక ఊడ్చి, వెనక గోడ ఎత్తి మూసి, తాళం వేసి, వంటగదిలో గోడకున్న క్యాలెండర్ ముందుకెళ్ళి వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు.

ఇంకా తొమ్మిది శనివారాలున్నాయి, పక్కింటివాళ్ళు మినెసోటా నుంచి తిరిగొచ్చి, అతనికి అప్పగించి వెళ్ళిన తమ ట్రైలర్ తాళాలు అడిగేదాకా.