బల్ల కింద ఇనుము

పరికరం ఉన్న బల్ల అడుగున ఎవరో ఇనుము కట్టారు.

నల్లగుడ్డలో చుట్టి, తాడుతో బిగించిన చిన్న మూట. దగ్గరికి తీసుకెళ్లగానే నవ్య చేతిలోని దిక్సూచి ముల్లు గిర్రున అటే తిరిగింది.

“ఎవరూ ముట్టుకోకండి. వేలిముద్రలుంటాయి,” అంది.

బాపట్ల కాలేజీలోని ఆ ల్యాబ్‌లో, ఒక వజ్రపు రవ్వలో క్వాంటమ్ కంప్యూటర్‌కు పునాదిరాయి లాంటి క్యూబిట్ ఉంది. అయస్కాంత సంకేతం పంపితే అది సున్నా నుంచి ఒకటికి తిరగాలి. దగ్గర్లో ఇనుముంటే ఆ సంకేతం గురి తప్పుతుంది. నిన్నటిదాకా చెప్పినట్టు విన్న క్యూబిట్ ఈ ఉదయం మొరాయించింది అందుకే.

కాసేపట్లో ఢిల్లీ నిపుణులొస్తారు. వాళ్ల ముందు అది తిరగకపోతే ప్రాజెక్టు తెనాలి కాలేజీకి పోతుంది. రేపల్లె నుంచి రోజూ బస్సులో వేలాడుతూ వచ్చి నవ్య చేసిన పరిశోధన మట్టిలో కలుస్తుంది.

తెనాలి వాళ్లు నిన్న గుంపుగా వచ్చి చూసెళ్లారు. వాళ్లలో అజయ్ బాబయితే కళ్లప్పగించి ఆ బల్ల దగ్గరే నిలబడిపోయాడు. కానీ వాళ్లున్నంతసేపూ నవ్య అక్కడే ఉంది.

ఇక మిగిలింది అటెండర్ శివనాగరాజు. సూర్యలంక జాలర్ల ఇంటి మనిషి. నిన్న పొద్దున గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడు. ల్యాబ్ నడిపే రాఘవయ్య సార్ అందరి ముందూ విరుచుకుపడ్డారు.

“ఇది ల్యాబా, చేపల బోటా? సైన్సు దగ్గర ఈ చాదస్తాలేంటి? తీసి పారెయ్!”

ఆ కసి ఇప్పుడిలా తీర్చుకున్నాడన్నమాట.

“ఏంటన్నా, సార్ తిట్టారని ఇంత పనిచేస్తావా?”

“అమ్మతోడు నాకు తెలీదు మేడమ్! నిమ్మకాయ కట్టిన చేత్తో మిషను పాడుచేస్తానా? మీరైనా చెప్పండి సార్!”

సార్ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

“తాళాలు నీ దగ్గరేగా ఉండేది?” నవ్య ఫోన్ తీసింది. “పోలీసులొచ్చాక చెప్పుకో. అప్పటిదాకా ఆ మూట కదలదు.”

“వద్దమ్మా!” సార్ గభాలున వచ్చి ఫోన్‌కు చెయ్యడ్డం పెట్టారు. “నాగరాజూ, నువ్వెళ్లు.”

అతను వెళ్లగానే తలుపేసి, తనే బల్ల కింద కూర్చుని ముడి విప్పసాగారు.

“ఇంకో తాళం నా దగ్గరుందమ్మా. అంత కింద కడితే ఏం కాదులే అనుకున్నా. ఇది గుర్రపు నాడా... నిన్న అంతమంది కళ్లప్పగించి చూసెళ్లారు కదా, దిష్టి తగులుతుందని భయమేసి నేనే కట్టాను.”