మెట్ల మీద గాట్లు

శివనాథ్ నది పొంగిన ఏడాది జరిగింది ఇది. ఈ హిందీ నేల మీద కొత్త రాష్ట్రం వచ్చాక అదే మొదటి వానాకాలం.

ఉక్కు ప్లాంటు పనివాళ్లుండే క్యాంప్ 1లో అప్పలకొండ తెల్లారి డ్యూటీకి బయల్దేరి, ఇంటి మెట్ల దగ్గర ఆగిపోయాడు.

నల్లరాతి మెట్ల నిండా కొత్త గాట్లు. వంకరటింకరగా, దగ్గర దగ్గరగా. రాతిపొడి ఇంకా తెల్లగానే ఉంది.

ఇళ్ల లైన్లో మనిషి జాడ లేదు. ముసురు.

"ఏటి చూస్తన్నావు బావా?"

పక్కింటి నరసింగరావు వేపపుల్లతో వచ్చాడు. మెట్లు చూసి పుల్ల నోట్లోంచి తీసేశాడు.

"మీ ఇంటికీ పడ్డాయా?"

"ఎవులు కొట్టారివి?"

"ఉలి పట్టుకు తిరుగుతంది కదా, ఆ ముసిల్ది. ఎదురింటి జార్జి వాళ్ల నాన్న పోకముందు ఆళ్ల మెట్లకీ ఇలాగే కొట్టింది. చివరింటి పక్షవాతం మామ్మ పోకముందూ అంతే. ఏ ఇంట్లో జబ్బోళ్లున్నారు, ఏ ఇంట్లో కడుపుతో ఉన్నారు అని టీకొట్లో అడిగిందట. టోన్హీ బావా! చేతబడి మనిషి!"

అప్పలకొండ వెనక్కి తిరిగి ఇంట్లోకి చూశాడు.

లోపల కూతురు రోహిణి. పురిటికి వచ్చింది. నెలలు నిండాయి. క్రితంసారి కడుపు నిలవలేదు.

ఆ రోజు డ్యూటీ మానేశాడు. సిమెంటు తెచ్చి గాట్లన్నీ పూడ్చాడు. తాపీతో రుద్ది రుద్ది అద్దంలా చేశాడు. పై మెట్లకు చూరు అడ్డం ఉంది. కింది మెట్టు మీద వాననీరు పారుతుంటే సిమెంటు నిలవలేదు.

"ఇంత చిక్‌నా చేసేవేటి నాన్నా? మొహం చూసుకోవచ్చు!" రోహిణి నవ్వింది.

"నువ్వు లోపలికెళ్లమ్మా."

సిమెంటు ఆరిన పొద్దున మెట్ల దగ్గర ఏదో గీరిన చప్పుడు. తలుపు తీశాడు.

గోనెసంచి తలమీద కప్పుకుని ముసలామె కూర్చుని ఉంది. ఒక చేతిలో ఉలి. రెండో అరచేత్తో సిమెంటు నునుపు తడుముతోంది. తల అడ్డంగా ఊపుతోంది.

"ఘర్ మే బేటీ హై నా? పేట్ సే?"

కడుపుతో ఉన్న పిల్ల సంగతే అడుగుతోంది. అప్పలకొండ కేకేశాడు.

లైనంతా వచ్చిపడింది. ఎవరో ఉలి లాక్కుని నాలా కాలువలోకి విసిరారు. ఎవరో నెట్టారు. ఆమె చూపు మెట్ల మీదే ఉంచి, వెనక్కి వెనక్కి నడిచింది. నాలా వైపు వానలో కలిసిపోయింది.

"పీడ పోయింది," అన్నాడు నరసింగరావు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నాలా ఎగదన్నింది. నీళ్లు లైన్లోకి వచ్చాయి. అందరూ స్కూలు మేడ ఎక్కాలన్నారు.

"మెల్లిగా దిగవే తల్లీ," వెనకనుంచి కన్నమ్మ కూతుర్ని హెచ్చరిస్తూనే ఉంది.

రోహిణి పై మెట్టు మీద కాలు పెట్టింది. జారింది. రెండో మెట్టూ పట్టు ఇవ్వలేదు. అందుకోబోయిన అప్పలకొండ తనే పడ్డాడు.

కింది మెట్టు మీద ఆమె మడమ ఆగింది. గోడ పట్టుకుని నిలబడింది.

"బచ్ గయీ నాన్నా, పడనేదు," అంది ఒగరుస్తూ. రెండు చేతులూ పొట్ట మీదకు పోయాయి. "లోపల కదుల్తంది."

అప్పలకొండ నీళ్లలోకి చెయ్యి పెట్టి ఆ మెట్టు తడిమాడు. కొత్తగా గాట్లు కొట్టించిన రోలులా గరుగ్గా తగిలింది.

జార్జి తండ్రి జబ్బు ముదిరాక కూడా రోజూ ఆ గాట్ల మెట్లు దిగి వాకిట్లో కూర్చునేవాడు. ఒక్కసారీ పడలేదు. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది.

సాయంత్రం స్కూలు మేడ మీద, ఆస్పత్రిలో ఆయాగా చేసే డైసీని అడిగాడు.

"అక్కా, ఆ ఉలి ముసలమ్మ ఎక్కడుంటాది?"

డైసీ అతని మొహంలోకి చూసింది.

"ఇంకెక్కడ తమ్ముడూ! నాలా దాటబోయి కొట్టుకుపోయింది. మార్చురీలో ఉంది. ఎవులూ రానేదు."

తర్వాత ఆమె గురించి డైసీ ఇంకో మాట చెప్పింది. విన్నాక అప్పలకొండ అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే మార్చురీకి వెళ్లాడు.

"ఆమె నీకేమవుతుంది?" అక్కడి మనిషి అడిగాడు.

"ప్లాంటు కట్టిన రోజుల్లో మా లైను మెట్లన్నీ చెక్కింది ఈవిడే, అరిగి నున్నబడ్డాయని తెలిసి మళ్లీ వొచ్చింది," అని చెప్పి అప్పలకొండ పాడె కింద భుజం పెట్టాడు.