బోర్డు మీది అక్షరం

దాన్‌దొంగ్ అనే చైనా ఊళ్లో, కొరియాకు హద్దైన నది పక్క సందులో, తాన్ జున్ ఫోను పైకెత్తి పక్క కొట్టు బోర్డును వీడియో తీయసాగాడు.

అది లువో పెద్దమ్మ జుట్టు కత్తిరించే కొట్టు. బోర్డు మీద రెండే అక్షరాలు, ‘ఐ మెయ్’. అందాన్ని ప్రేమించు, అని.

కానీ ‘మెయ్’ అంటే అందమూ అవుతుంది, అమెరికా కూడా అవుతుంది.

అమెరికా మళ్లీ సుంకాలు పెంచిందని ఊరంతా ఉడికిపోతున్న వారమది.

“చూడండి, మన నది ఒడ్డునే కూర్చుని అమెరికాను ప్రేమించమంటోంది ఈవిడ” అన్నాడు ఫోనులోకి.

పెద్దమ్మ కత్తెరతోనే గుమ్మంలోకి వచ్చింది.

“పదేళ్లుగా చదువుతున్నావు. ఇవాళ అర్థం మారిందా నాయనా?”

“ఇవాళే బుర్రపెట్టి చదివాను పెద్దమ్మా.”

“మరి నువ్వు పొద్దస్తమానం బాగుచేసేవి ఏ దేశం ఫోన్లు?”

చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. తాన్ జున్ మొహం కందిపోయింది.

“ఎక్కణ్ణుంచో వచ్చినదానివి. ఈ నది అవతల అమెరికాతో పోరాడి మనవాళ్లెంతమంది పోయారో నీకేం తెలుసు?”

ఆమె నదివైపు ఓసారి చూసింది.

“పోనీ, ఆ ఒక్క అక్షరం గీకేస్తాను. కొట్టు మాత్రం ఉండనివ్వండి. నాకు వేరే బతుకు లేదు.”

“అప్పుడు ‘ప్రేమించు’ ఒక్కటే మిగులుతుంది. ఎవర్నట, మా తాతనా?” అన్నాడు సేమ్యాల కొట్టతను. మళ్లీ నవ్వులు.

సాయంత్రానికి వీడియో లక్షమంది చూశారు. మర్నాడు యజమాని కొట్టు ఖాళీ చేయమన్నాడు. పెద్దమ్మ దువ్వెనలు సంచిలో వేసుకుని బస్సెక్కింది. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

నాలుగో రోజు వార్డు ఆఫీసు నుంచి ఇద్దరొచ్చారు. చేతిలో ఎర్ర రిబ్బను చుట్టిన ఇత్తడి పలక. అమరుల ఇళ్ల గుమ్మానికి బిగించేది.

తాన్ జున్ సంబరంగా ఫోను తీశాడు.

“మన సందులో వీరుడి ఇల్లుందా? ఎవరిది?”

“ఇంటిపేరు లువో. జుట్టు కత్తిరిస్తుందట. తండ్రి ఈ నది దాటి కొరియా యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు. ఆయనకు దగ్గరగా ఉంటానని ఇక్కడికొచ్చి ఉంటోంది.”

“ఆవిడా? ఆవిడ అమెరికా మనిషండీ. పంపించేశాం.”

వచ్చినవాళ్లలో గుమాస్తా ఒకామె కాగితం అతని ముందుకు జరిపింది.

సందులో అందరికీ తెలిసింది లువో అన్న ఇంటిపేరే. అసలు పేరేమిటని పదేళ్లలో ఒక్కరూ అడగలేదు.

తండ్రి యుద్ధంలో ఒరిగిన నెలకు పుట్టిన బిడ్డకు తల్లి పెట్టుకున్న పేరు ఆ కాగితం మీద ఉంది: కాంగ్‌మెయ్, అంటే ‘అమెరికాను ఎదిరించు’.