గేటు బయటికి నెట్టిన కారు

"వాళ్ల బండి మన గేట్లోకా! ఆపండ్రోయ్!"

కాపలాదారు స్టాష్ కేకకి షెడ్డులోని పనివాళ్లంతా బయటికి ఉరికారు.

పెద్ద కంపెనీ కారొకటి నిగనిగలాడుతూ లోపలికొచ్చి ఆగింది.

ఆ గేటుకో కట్టుబాటుంది. తాము తయారుచేసే కెస్ట్రెల్ కారైతేనే లోపలికి. పెద్ద కంపెనీ బండిలో వచ్చినవాడు రైలుపట్టాల అవతల ఆపుకుని బురదలో నడిచి రావాలి. చర్చి బిషప్పుకైనా అంతే.

కారులోంచి ఓ ముసలాయన దిగాడు. పాత కోటు, చేతిలో టోపీ.

"రీమర్ గారిని కలవాలి."

"కలుద్దువులే పెద్దాయనా. ముందు ఈ శవపేటికని అవతలికి తోలు," అన్నాడు స్టాష్.

అందరూ నవ్వారు. నవ్వారే గానీ ఎవరి మొహంలోనూ నెత్తురు చుక్క లేదు.

కార్లకి కావలసిన ఉక్కు రేకు అయిపోవచ్చింది. యుద్ధంలో ట్యాంకులకి భాగాలు చేయించుకోవడానికి సర్కారుకి ఈ ఫ్యాక్టరీ పనికొచ్చింది. యుద్ధం అయిపోగానే ఒహాయోలోని పెద్ద ఉక్కు మిల్లులన్నీ పెద్ద కంపెనీలకే రేకు దోచిపెడుతున్నాయి. చిన్నవాడికి తుక్కు కూడా దొరకదు. దీన్ని పోటీ అంటారట! చేతులు కట్టేసి కుస్తీకి రమ్మనడం పోటీయా?

శుక్రవారంలోగా రేకు రాకపోతే దాన్ని వంచే ప్రెస్సులు ఆగుతాయి. ప్రెస్సులు ఆగితే బ్యాంకు వచ్చి తాళం వేస్తుంది.

యజమాని ఆగస్ట్ రీమర్ మెట్లు దిగి వచ్చాడు. ఆ కారు చూడగానే ఒళ్లు మండింది. పోయిన నెల ఇలాంటి కారులోనే ఒకడొచ్చి ఫ్యాక్టరీని తుక్కు ధరకి అడిగి పోయాడు.

"మళ్లీ వచ్చారా? మేం చచ్చేదాకా ఆగలేరా?"

"నేనొచ్చింది అందుకు కాదు బాబూ. కాసేపు కూర్చుని మాట్లాడుకుందాం. మీరు వాడే రేకు మందమెంత?"

"విన్నావా స్టాష్! ఆరా తియ్యడానికొచ్చాడు. మా పీక ఎంత మందమో అదీ కొలుచుకుని పోవయ్యా!"

"ఈ కారు నాది కాదయ్యా, మా..."

"నీదెందుకవుతుంది? మీ దొరలది!"

అంతే. పనివాళ్లు నలువైపులా చేతులు వేసి కారుని తిప్పేశారు. ఈలలు వేస్తూ రోడ్డు మీదికి నెట్టేశారు.

ముసలాయన దాని వెనకే నడిచాడు. గేటు దాటాక టోపీ పెట్టుకున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

రీమర్‌కి చాలా రోజుల తర్వాత ఆ పూట అన్నీ గెలిచినట్టనిపించింది.

శుక్రవారం ప్రెస్సులు ఆగాయి.

ఎవరూ ఇంటికి పోలేదు. ఆగిన యంత్రాల పక్కనే కూర్చున్నారు. స్టాష్ తిండి డబ్బా మూత కూడా తియ్యలేదు.

ఫోను మోగింది. రేకు కబురేమోనని రీమర్ పరిగెత్తాడు.

యంగ్స్‌టౌన్‌లో తన కార్లు అమ్మే లెస్టర్ బాక్.

"ఏమయ్యా ఆగస్ట్, ఆ మడ్‌గార్డు పంపుతావా, పంపవా? మా ఊరి టోబిన్ గారి కెస్ట్రెల్ వేసవి నుంచీ నా షెడ్డులోనే పడుంది."

"రేకే లేదు లెస్టర్. నా చర్మం ఒలిచి పంపనా?"

"అదే చెప్పాను ఆయనకి. చాలా బాధపడ్డాడు. పొరుగాయన కారు అడిగి తీసుకుని, సోమవారం నీ దగ్గరికే వచ్చాడుగా?"

రీమర్ ఫోను చెవికి అదిమాడు.

"పాత కోటు... ముసలాయనా?"

"ఆయనే. ఏమన్నావేంటి ఆయన్ని? వచ్చిందగ్గర్నుంచీ నోరు విప్పడం లేదు. ఏడాదిగా పెద్ద కంపెనీవాళ్లని గుమ్మం తొక్కనివ్వని మనిషి, నిన్న వాళ్లు చూపించిన చోటల్లా సంతకం పెట్టేశాడట."

"సంతకమా? దేనికి?"

"దేనికేంటయ్యా, ఆయన మిల్లు వాళ్లకి అమ్మేసే కాగితాలకి. కొట్టాల మీద కప్పే రేకులు తీసే మిల్లు ఆయనదేగా, ఆ పని ఆపేసి ఇకమీదట కారు రేకు నీకే తీస్తానని చెప్పడానికి బయల్దేరాడు ఆ రోజు."